గడప దాటని కొలువు

ఉద్యోగమునకై ఊరు విడుచుట కృష్ణా డెల్టావారికి క్రొత్త కాదు. తాతలనాడు చెన్నపట్టణమునకు, తండ్రులనాడు హైదరాబాదునకు, మన నాడు బెంగుళూరునకును సముద్రము కావలి దేశములకును మన బిడ్డలు పెట్టె సర్దుకొని పోవుచునే యున్నారు. కొలువున్న చోటికి మనిషి పోవలసినదే గాని, కాలువనీరు చేనికి వచ్చినట్లు కొలువు ఇంటికి రాదని మన మందఱమును నిశ్చయించుకొని యుంటిమి. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన ఆ నిశ్చయము తలక్రిందయ్యెను. మహమ్మారి భయముచే దేశమంతట తలుపులు మూతపడెను. కార్యాలయములకు తాళములు పడెను. పని మాత్రము నిలువలేదు. గుడివాడలో, అవనిగడ్డలో, నూజివీడులో, కాలువగట్టు పల్లెలలో ఎందఱో యువకులు వసారాలో బల్ల వేసికొని, ల్యాప్‌టాపు తెఱచి, దేశాంతరముల లెక్కలు వ్రాసిరి. ఊరు విడిచి పోయినవారు ఊరు చేరిరి. వారి వెంట వారి కొలువును వచ్చెను.

మహమ్మారి శాంతించిన పిమ్మట కంపెనీలు తమవారిని మరల పిలిపించుకొనినవి. ప్రతిదినమును రమ్మన్నవి కొన్ని. నెలకు కొన్ని దినములు వచ్చిన చాలునన్నవి కొన్ని. అయినను ఆ పద్ధతి అంతరింపలేదు. 2025వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుగారు ఇంటినుండి పనిచేయు పద్ధతిని, ముఖ్యముగా స్త్రీలకొఱకు, విరివిగా వ్యాపింపజేయ సంకల్పించినట్లు ప్రకటించిరి. ఇప్పుడు పట్టము చేతబట్టిన యువకుని యింటను, బిడ్డకొఱకు ఉద్యోగము మానిన యిల్లాలి మనస్సునను, నగరములో అద్దె కట్టలేక అలసిన గుమాస్తా యాలోచనయందును ఒకే ప్రశ్న మెదలుచున్నది: ఇంట కూర్చుండి ఇంటర్నెట్టుపై చేయు కొలువు మనకు తగునా, తగదా?

ఈ ప్రశ్నకు రెండు తొందరపాటు సమాధానములు మన చెవిని పడుచున్నవి. ఒకటి, ఇది కలియుగ కల్పవృక్ష మనియు, ఇంటిపట్టున నుండి డాలర్లు పండించుకొనవచ్చుననియు చెప్పునది. రెండవది, ఇది సోమరుల వ్యాపారమనియు, కార్యాలయమునకు పోనివాడు ఉద్యోగియే కాడనియు కొట్టివేయునది. రెండును పొరపాటే. ఇంటి కొలువు తనంతట మంచిదియు గాదు, చెడ్డదియు గాదు. దానిని స్వీకరించువాని చేతిలో పనితనమున్నదా, ఇంటిలో దానికి తావున్నదా, కాగితముపై వానికి హక్కున్నదా అను మూడింటిపై దాని మేలుకీడులు నిలిచియున్నవి. జీతమెంత యని అడుగుటకు ముందు ఈ మూడు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి.

ముందుగా ఒక మాట. ఇంటిలో కూర్చుండి దూరదేశపు బేరమునకు పనిచేయుట ఈ డెల్టాకు నిన్నటి మాట గాదు. పెడనలో మగ్గపుగుంట ఇంటిలోనిదే. కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱను బొమ్మగా చెక్కు ఉలి వసారాలోనిదే. బందరులో ఆంగ్లేయులు కోఠీ పెట్టినది 1611వ సంవత్సరమున. నాడు ఓడలెక్కిన అద్దకపు బట్టలు ఈ సీమ పల్లెలలోని యిండ్లలో తయారైనవే. నేతగాడు గడప దాటకయే పరదేశములకు పనిచేసెను. అంతమాత్రమున వాడు స్వతంత్రుడయ్యెనా? ఇల్లు వానిది, మగ్గము వానిది, చేయి వానిది. నూలు షావుకారుది, బయానా షావుకారుది, ధర షావుకారుది. ఆసు పోసిన ఇల్లాలికిని కండెలు చుట్టిన పిల్లలకును వేఱుగా కూలి లేదు. అందఱి శ్రమయు ఒక్క చీరె మజూరీలో కలిసిపోయెను. వర్షకాలమున గుంటలోనికి నీరూరి మగ్గము నిలిచిన దినముల నష్టము నేతగానిదే గాని షావుకారుది కాదు. మగ్గమునకు మాఱుగా కంప్యూటరును, షావుకారునకు మాఱుగా కంటికి కనబడని కంపెనీని నిలిపి చూచిన, నేటి ప్రశ్న నాటిదేయని తెలియగలదు. పని యింటికి వచ్చినంతమాత్రమున స్వాతంత్ర్యము వెంట రాదు.

ఈ బెజవాడ నగరమే ఇంటిపనిని గుఱించి మఱొక పాఠమును చూచినది. 1921వ సంవత్సరము మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో ఇచ్చట కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలును, కోటి సభ్యులును, దేశమున 20 లక్షల రాట్నములును కావలెనని తీర్మానించెను. రాట్నము ఇంటిపనియే. కాని గాంధీమహాత్ముడు దానిని బోధించునప్పుడు ఒక హద్దు గీచెను: ఇంతకంటె ఎక్కువ యాదాయము నిచ్చు వృత్తి గలవాడు దానిని విడిచి రాట్నము పట్టనక్కఱలేదు, ఇది ఊరకపోవు గంటలకొఱకు. తరువాత 1935లో, వడికెడివారికి బ్రతుకదగిన కూలి యీయవలసినదేయని ఆయన పట్టుబట్టగా, చరఖా సంఘము కూలి పెంచెను. ఖద్దరు ధర పెరిగినను సరియేయనిరి. ఇంటిలో చేసినది గదా, చవుకగా నిచ్చిన నేమి అను వాదమును ఆనాడు అంగీకరింపలేదు. ఈ రెండు సూత్రములును నేటికిని చెల్లును. ఇంటిపని యను పేరున కూలి తగ్గరాదు. చేతిలోని నిలుకడగల వృత్తిని తొందరపడి విడువరాదు.

ఇక మొదటి ప్రశ్న, పనితనము. దీనిని గుఱించి ఊహలు చాలించి పరీక్షలు చేసి చూచినవా రున్నారు. చీనాలో షాంగై నగరమున సీట్రిప్ అను ప్రయాణవ్యాపార సంస్థ, స్టాన్‌ఫర్డ్ విద్యాపీఠపు ఆచార్యుడు నికొలాస్ బ్లూమ్ మొదలగువారి తోడ్పాటున, 2010వ సంవత్సరాంతమునుండి 9 నెలలపాటు తన టెలిఫోను ఉద్యోగులలో ఇష్టపడినవారి నుండి కొందఱిని వారమునకు 4 దినములు ఇంట పనిచేయించి చూచెను. ఇంట పనిచేసినవారి ఫలితము నూటికి 13 పాళ్లు హెచ్చెను. పని మానిపోవువారి సంఖ్య సగమునకు తగ్గెను. ఇది విని మనవారు సంతోషింతురు. కాని ఆ పరీక్షకు తీసికొనబడినవారు సంస్థలో 6 నెలలైనను పనిచేసినవారు. ఇంట తమకంటూ ఒక గది గలవారు. అంతియేగాక, ఇంటనుండి మంచి పని చేసినను, అట్టి పనికి తగిన ఉన్నతి వారికి కార్యాలయమువారితో సమానముగా దొరకలేదు. పరీక్ష ముగిసి, మీ యిష్టమనగా, ఇంట పనిచేసినవారిలో సగముమంది యొంటరితనము భరింపలేక కార్యాలయమునకు తిరిగిపోయిరి.

ఇప్పుడు మన పొరుగున చెన్నపట్టణమున జరిగినది చూడుడు. డేవిడ్ ఆట్కిన్, ఆంటోనెట్ షోర్, సుమిత్ షిండే అను పరిశోధకులు అచ్చట కంప్యూటరులో లెక్కలెక్కించు పనికి క్రొత్తవారిని చేర్చుకొని, చీట్లు వేసినట్లు కొందఱిని ఇంటను కొందఱిని కార్యాలయమునను పనిచేయించి, 2023లో ఫలితము వెల్లడించిరి. ఇంట కూర్చున్నవారి పని కార్యాలయమువారి పనికంటె నూటికి 18 పాళ్లు తక్కువగా తేలెను. ఆ లోటులో మూడింట రెండువంతులు మొదటి దినముననే కనబడెను. తక్కినది కార్యాలయమున నున్నవారు త్వరగా నేర్చుకొనుటచే దినదినము పెరిగెను. ఇంతకంటె వింత మఱొకటి గలదు. మాకు ఇల్లే ఇష్టమని చెప్పినవారి పనియే ఇంట ఎక్కువగా, నూటికి 27 పాళ్లు, తగ్గెను. కార్యాలయము కావలెనన్నవారికి తగ్గినది 13 పాళ్లే. ఇంటి బాధ్యతలచే ఇల్లు విడువలేనివారే ఇల్లు కోరుదురు. ఆ బాధ్యతలే వారి పనిని మింగివేయును.

చీనాలో హెచ్చినది చెన్నపట్టణమున తగ్గుటకు కారణము జాతిభేదము గాదు. పని వచ్చినవానికి ఇల్లు ప్రశాంతస్థలము. పని రానివానికి ఇల్లు గురువు లేని బడి. మా న్యాయవాదవృత్తిలో పట్టము పుచ్చుకొన్నవాడు పెద్ద వకీలు కచ్చేరిగదిలో ఫైళ్లు మోసి, కోర్టుహాలులో వెనుక బెంచీపై కూర్చుండి, ఇతరుల వాదములు విని నేర్చుకొనును. ఎవడును వానికి పాఠము చెప్పడు, అయినను వాడు నేర్చుకొనును. ఏ వృత్తియందైనను ఇట్లే. ప్రక్కవాడు తప్పు దిద్దుకొనునప్పుడు చూచి నేర్చుకొనునది ఇంటి గోడలు నేర్పలేవు. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని సామెత గలదు. ఈ కొలువు విషయమున సామెతను త్రిప్పి చదువవలెను: రచ్చ గెలిచినవాడే ఇంట గెలుచును. కనుక క్రొత్తగా చదువు ముగించిన బాలబాలికలు మొదటి రెండుమూడు సంవత్సరములైనను నలుగురి నడుమ పనిచేయుట మేలు. గన్నవరము మేధాటవర్సులో కానిండు, హైదరాబాదున కానిండు, బెజవాడలోని చిన్న ఆడిటరు కార్యాలయమున కానిండు. చోటు ముఖ్యము గాదు, తోడు ముఖ్యము.

రెండవ ప్రశ్న, ఇల్లు. కార్యాలయమునకు అద్దె, కరెంటు, చల్లగాలి, కుర్చీ, బల్ల, ఇంటర్నెట్టు కంపెనీ సమకూర్చును. ఇంటి కొలువులో ఇవన్నియు ఉద్యోగి నెత్తిన బడును. రోహిణీకార్తె యెండలో రేకుల కప్పుక్రింద 8 గంటలు కూర్చుండి పరదేశీయునితో మృదువుగా మాటలాడుట యెంత కష్టమో బెజవాడవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఫైబరుతీగలు నేడు పల్లెలకును వచ్చినవి. 2017వ సంవత్సరము డిసెంబరులో రాష్ట్రప్రభుత్వపు ఫైబర్‌నెట్ పథకము నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు నిత్తునని ప్రారంభమయ్యెను. కాని తీగ వచ్చినంతమాత్రమున కరెంటు నిలుచునను పూచీ లేదు. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి సింగునగరము మొదలగు పేటలు దినములతరబడి నీట నానినవి. ప్రకాశం బ్యారేజీవద్ద కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు మించి ప్రవహించెను. అట్టి వేళ కార్యాలయము మునిగిన నష్టము కంపెనీది. ఇల్లు మునిగి, యంత్రము తడిసి, పని నిలిచిన నష్ట మెవరిది? ఒడంబడికలో వ్రాయనిచో అది మునిగినవానిదే. మగ్గపుగుంటలో నీరూరిన కథయే ఇది.

వస్తువులకంటె కష్టమైనది మనుష్యుల సంగతి. కార్యాలయమునకు పోయిన కొడుకును సాయంత్రమువఱకు ఎవరును పిలువరు. ఇంటనున్న కొడుకును, "ఎటులైనను ఇంటనే యున్నావు గదా, బ్యాంకువఱకు పోయిరా" యని తండ్రి పిలుచును. కోడలికైతే పిలుపు రానక్కఱయే లేదు. కుక్కరు కూతయే పిలుపు. ప్రభుత్వమువారే 2019లో దేశమంతట జరిపించిన కాలవినియోగపు సర్వేలో, జీతము లేని యింటిపనులకు స్త్రీలు దినమునకు 299 నిమిషములును, ఆ పనులు చేయు పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలెను. ఈ 5 గంటల బరువు దింపకుండ దానిపైన 8 గంటల కొలువు నెత్తి, స్త్రీకి సదవకాశము గలిగించితిమని సంతోషించుట న్యాయము గాదు. ఇంటనుండి పనిచేయుము అని కోడలికి చెప్పదలచిన అత్తమామలును భర్తయు, ఆమె పనివేళ ఆమెను ఇంట లేనిదానిగా భావింప సిద్ధముగా నున్నారా యని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. సిద్ధముగా లేనిచో, ఆమెకు రోజూ బస్సెక్కి గన్నవరము పోవు ఉద్యోగమే విశ్రాంతి.

అమెరికా వేళలమాట గూడ మఱువరాదు. న్యూయార్కులో ఉదయము 9 గంటలైనప్పుడు మనకు వేసవిలో సాయంత్రము ఆఱున్నర, చలికాలమున ఏడున్నర. అచ్చటి దినమంతయు పనిచేసిన మనకు తెల్లవారుజాము మూడుదాటును. ఆ వేళకు నిద్రించినవాడు, ఇంటిల్లిపాదియు లేచి పాలవాడు గంట మ్రోగించునప్పుడు ఎట్లు నిద్రించును? ఒక నెల సరిపెట్టుకొనవచ్చును. ఏండ్లు గడపవలెనన్న వేఱుగదియు, ఇంటివారి సహనమును, దేహదార్ఢ్యమును గావలెను.

మూడవ ప్రశ్న, కాగితము. మనవారు అన్నిటికంటె తక్కువగా చూచునది ఇదియే. ఇంటి కొలువను ఒక్క పేరుక్రింద మూడు వేఱు స్థితు లున్నవి. కంపెనీ ఉద్యోగిగా నుండి ఇంట కూర్చుండి పనిచేయుట యొకటి. పనికింతయని గుత్తకు తీసికొని స్వతంత్రముగా చేయుట రెండవది. ఏదో యాప్‌లో పేరు నమోదు చేసికొని, వచ్చిన ముక్కపనినెల్ల చేయుట మూడవది. మొదటివానికి 20 మందియు అంతకు మించియు నున్న సంస్థయైనచో ప్రావిడెంటుఫండు గలదు, గ్రాట్యుటీ గలదు. స్త్రీయైనచో 26 వారముల ప్రసూతి సెలవు గలదు. రెండవవానికి ఇవి యేవియు లేవు; జబ్బుచేసిన దినము కూలిలేని దినము. నెలకు 40 వేలని చెప్పిన గుత్తపనికిని, 30 వేలని చెప్పిన ఉద్యోగమునకును ఈ లెక్కలు వేసి చూచినగాని ఏది పెద్దదో తెలియదు.

ఇంట పనిచేసినంతమాత్రమున ఉద్యోగి ఉద్యోగి కాకపోడు. ఈ సంగతిని సుప్రీముకోర్టు 1973లోనే తేల్చినది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అను దర్జీల దుకాణపు వ్యాజ్యము మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి పైకి పోయినది. దర్జీలకు జీతము లేదు, బట్టకింతయని కూలి. కొందఱు బట్టను ఇంటికి తీసికొనిపోయి కుట్టుదురు. కాబట్టి వారు మా పనివారు కారని యజమానుల వాదము. కోర్టు దాని నొప్పుకొనలేదు. పని యిచ్చువాడు, పని బాగుగా లేదని త్రిప్పికొట్టువాడు, చెప్పినట్లు చేయనివానికి పని మానిపించువాడు యజమానియే యనియు, ఇంట కుట్టినను దర్జీ పనివాడే యనియు నిర్ణయించినది. కంప్యూటరు తెఱపై ఉద్యోగి యెన్ని నిమిషములు కదలెనో లెక్కించు నేటి కంపెనీ, నీవు స్వతంత్ర గుత్తదారుడవని కాగితముపై వ్రాయించుకొన్నప్పుడు, ఈ తీర్పును గుర్తుచేసికొనవలెను.

2017లో సవరింపబడిన ప్రసూతి చట్టము, పని స్వభావ మనుకూలించినచో, సెలవు ముగిసిన తల్లి యజమానితో నొప్పందము చేసికొని ఇంటినుండి పనిచేయవచ్చునని చెప్పినది. అడుగువారు లేక ఆ హక్కు పుస్తకములలో నిదురించుచున్నది. 2025వ సంవత్సరము నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతి యాప్‌లపై పనిచేయు వారిని మొదటిసారిగా చట్టపుపుటలలో పేర్కొని, వారి సంక్షేమనిధికై ఆ యాప్‌ల యజమానులు తమ సాలుసరి వ్యాపారమున నూటికి ఒకటి రెండు పాళ్లు చెల్లింపవలెనన్నది. ఇది మంచి మొదలు. కాని అంతర్జాతీయ కార్మికసంస్థ 1996లో ఇంటిపనివారికి ఇతర పనివారితో సమానత్వము నీయవలెనని చేసిన ఒడంబడికపై మన దేశము ఇంకను సంతకము చేయలేదు. కావున ప్రస్తుతము మనిషికి తన ఒప్పంద పత్రమే మొదటి రక్షణ. పనిగంటలెన్ని, కరెంటు ఇంటర్నెట్టుల ఖర్చెవరిది, యంత్రము చెడిన బాగుచేయువారెవరు, కార్యాలయమునకు రమ్మనుటకు ముందు ఎన్నిదినముల గడువిత్తురు, తగాదా వచ్చిన నేయూరి కోర్టు: ఈ అయిదును వ్రాతలో లేని కొలువునకు తొందరపడరాదు. బెజవాడలో కూర్చుండి పనిచేసినవాడు రెండునెలల జీతముకొఱకు ఢిల్లీకోర్టు మెట్లెక్కవలసివచ్చిన, రైలుఖర్చులకే ఆ జీతము చాలదు.

కాగితము మాట వచ్చినది గనుక మోసముల మాట చెప్పకుండరాదు. ఇంటినుండి పని యను మాటను ఎరగా గ్రుచ్చి గాలము వేయువారు దేశమంతట వ్యాపించియున్నారు. వీడియోలు మెచ్చుకొన్న చాలు డబ్బిత్తుమని మొదట నూఱురూపాయలు పంపి, నమ్మిక కుదిరిన పిమ్మట వేలును లక్షలును తామే పుచ్చుకొని మాయమగుదురు. 2023వ సంవత్సరము డిసెంబరులో కేంద్రప్రభుత్వము ఇట్టి పార్ట్‌టైము ఉద్యోగముల పేరిటి మోసపు వెబ్‌సైట్లను నూటికి పైగా మూయించెను. మోసము మాత్రము క్రొత్తపేళ్లతో నడుచుచునే యున్నది. గుర్తుంచుకొనవలసినది ఒక్కటే: పని యిచ్చువాడు డబ్బిచ్చును గాని పుచ్చుకొనడు. రిజిస్ట్రేషనని, శిక్షణయని, డిపాజిట్టని ఏ పేరున నడిగినను అది కొలువు గాదు. మీ బ్యాంకుఖాతా మాకు వాడుకకిండు, నెలకింత యిత్తుమను మాట మఱింత ప్రమాదము. ఆ ఖాతాద్వారా దొంగసొమ్ము నడచిన, పోలీసులు మొదట వెదకునది ఖాతాదారునే.

మావంటి న్యాయవాదులకడకు ఎక్కువగా వచ్చుచున్నది మఱొక రకము. డేటా ఎంట్రీ పని యని వందలపుట లిచ్చి, ఎవరికిని సాధ్యముగాని ఖచ్చితత్వమును గడువును విధించి, పని చెడినదని చెప్పి, ఇంటికి లాయరునోటీసు పంపి, వేలు చెల్లింపనిచో అరెస్టు చేయింతుమని బెదరింతురు. పరువుగల కుటుంబములు, ఆడపిల్ల పేరు వీధికెక్కునని భయపడి, నగలు కుదువబెట్టి చెల్లించుచున్నవి. పాఠకులు ఈ సంగతి నలుగురికి చెప్పవలెను. ఒప్పుకొన్న పని సరిగా చేయకపోవుట మాత్రమే నేరము గాదు, అది సివిలు తగాదా. దానికై ఎవరును అరెస్టు చేయరు. 1872నాటి ఒడంబడికల చట్టపు 74వ సెక్షనుప్రకారము, కాగితములో ఎంత జరిమానా వ్రాసికొన్నను కోర్టు ఇప్పించునది న్యాయమైన పరిహారమే. అట్టి నోటీసు వచ్చిన డబ్బు పంపక, తెలిసిన వకీలునకు చూపుడు. సొమ్ము పోయినచో జాగుచేయక 1930 నెంబరుకు ఫోను చేయుడు. సిగ్గుచే దాచిన ప్రతి మోసమును మఱొక ఇంటి తలుపు తట్టును.

ఇన్ని చెప్పినందున మేము ఇంటికొలువునకు శత్రువులము కాము. దాని మేలును కండ్లార చూచుచున్నాము. నగరమున అద్దెకు పోవు సొమ్ము గుడివాడ బజారులో ఖర్చగుట మంచిదే. పక్షవాతముచే మంచమునబడిన తల్లికి కొడుకు చేతి మందు అందుట, ఏ జీతముతోను సరితూచరాని లాభము. కాళ్లు స్వాధీనములేని యువతికి మూడంతస్తుల మెట్లెక్కనక్కఱలేని కొలువు నిజముగా వరమే. పది సంవత్సరములు లెక్కల పనియందో, వైద్యలేఖల కోడింగునందో, అనువాదమునందో చేయితిరిగినవాడు, వేఱుగదియు వ్రాతపూర్వకమైన ఒప్పందమును గలవాడు, నిర్భయముగా ఇంటికి రావచ్చును. చేతిలో పని రానివాడు, ఒక్కగదిలో అయిదుగురితో నుండువాడు, కాగితము లేని మాటను నమ్మి ఉన్న ఉద్యోగమునకు రాజీనామా వ్రాయబోవువాడు, ఆగవలెను. సందేహమున్నవాడు రాజీనామాకు ముందు సెలవుపైనో సాయంకాలములలోనో మూడునెలలు ప్రయత్నించి, వచ్చిన సొమ్ము, పోయిన ఖర్చు, పనిచేసిన గంటలు, నిద్రించిన గంటలు నాలుగును ఒక పుస్తకమున వ్రాసికొని చూచుకొనిన, ఎవరి సలహాయు అక్కఱలేదు.

ఇల్లు, నగరము అను రెండే దారులు గలవని తలచుట గూడ సరిగాదు. పైన చెప్పిన సీట్రిప్ సంస్థయే, ట్రిప్.కామ్ అను పేరుతో, 2021, 2022 సంవత్సరములలో 1600 మందికి పైగా ఉద్యోగులపై మఱల పరీక్ష చేయగా, వారమునకు రెండుదినములు ఇంటను తక్కిన దినములు కార్యాలయమునను పనిచేసినవారి పనియు ఉన్నతియు ఏమాత్రము తగ్గలేదు. ఉద్యోగము మానువారు మాత్రము మూడవవంతు తగ్గిరి. మధ్యమార్గము మేలని దీనివలన తెలియుచున్నది. డెల్టాలో ఆ మధ్యమార్గము ఊరి పనిశాల. నాలుగు బల్లలు, నిలుకడైన కరెంటు, మంచి ఇంటర్నెట్టు, స్త్రీలకు వేఱుగా విశ్రాంతిగది, పిల్లల నాడించుటకొక ఆయా, ఇంతియే కావలసినది. రాష్ట్రప్రభుత్వము తన ఐ.టి. విధానమున పట్టణపట్టణమునను మండలమండలమునను ఇట్టి పనిచోట్లకు ప్రోత్సాహ మిత్తుమని చెప్పినది. అది వచ్చువఱకు చేతులు కట్టుకొని కూర్చుండుట మన సంప్రదాయము గాదు. 1914వ సంవత్సరము ఏప్రిల్‌లో ఈ బెజవాడ రామమోహన గ్రంథాలయమున అయ్యంకి వెంకటరమణయ్యగారి ప్రయత్నమున గ్రంథాలయముల ప్రతినిధులు కూడినప్పుడు వారి చేతిలో ప్రభుత్వపు సొమ్ము లేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలపై పడవలో పుస్తకములు త్రిప్పినప్పుడు ఎవరి యుత్తరువును లేదు. చదువుటకు ఊరూర చోటు కల్పించిన జాతికి, పనిచేయుటకు చోటు కల్పించుట అసాధ్యము గాదు.

ఊరి గ్రంథాలయములో ఖాళీగా నున్న గది, పగటివేళ మూతబడియుండు కల్యాణమండపపు మేడ, సహకారసంఘపు పాత కార్యాలయము, వీనిలో ఒక్కటి తెఱచిన చాలు. వ్యాపారులు బల్ల లిత్తురుగాక. విశ్రాంత ఉపాధ్యాయులు తాళముచెవి పట్టుకొందురుగాక. అనుభవముగల ఉద్యోగులు శెలవుదినములలో క్రొత్తవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పుదురుగాక. న్యాయవాదులము మేము వారమున కొక సాయంకాలము అచ్చట కూర్చుండి, యువతీయువకుల ఒప్పందపత్రములు ఉచితముగా చదివి, సంతకము పెట్టవచ్చునో పెట్టరాదో చెప్పుదుము. ఈ పఠనమందిరమున ఈ పుటను చదువు మహాశయులలో ఒక్కరు తమ యూరిలో ఒక్క గది తలుపు తీసినను, ఆ యూరి బిడ్డలలో కొందఱకు పెట్టె సర్దుకొను నవసరము తప్పును. ఇంట కూర్చున్నవారికి గురువును తోడును దొరకును. కొలువు మన యూరికి వచ్చు దారి తెఱచియున్నది. దానిని ఆహ్వానించుటకు ముందు దాని షరతులు చదువుట మన విధి.